అక్టోబరు దిమ్మె చెప్పని లెక్క: మన జిల్లా వాన, ఎండ గ్రాఫు చదవడం ఎలా?

పిల్లల సాంఘిక శాస్త్రం పుస్తకంలో, జిల్లా వ్యవసాయ ప్రణాళికల్లో, ఫోన్‌లో చూసే వాతావరణం సైట్లలో ఒకటే రకం బొమ్మ కనిపిస్తుంది. కింద జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు నెలలు, వాటి మీద పన్నెండు నీలం దిమ్మెలు, ఆ దిమ్మెల మీదుగా ఎక్కుతూ దిగుతూ పోయే ఒక ఎర్ర గీత. దిమ్మెలు వానకి, గీత ఉష్ణోగ్రతకి. చూడగానే అర్థమైపోయినట్టే అనిపిస్తుంది, తప్పుగా చదవడం కూడా అక్కడే మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం గ్రాఫుల్లో అయితే అక్టోబరు దిమ్మె దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. అది నిటారుగా, భరోసా ఇస్తున్నట్టు నిలబడి ఉంటుంది కానీ, దాని వెనక ఉన్న లెక్క తెలియకుండా నమ్మితే అక్టోబరులో పొట్ట దశలో ఉన్న వరికి నీళ్లు దొరుకుతాయో లేదో అస్సలు తెలియదు. అక్కడికి వెళ్లే ముందు గ్రాఫు ఎలా తయారవుతుందో చూద్దాం.

ఈ గ్రాఫుకి రెండు పక్కలా రెండు కొలతలు ఉంటాయి. ఒక పక్క డిగ్రీల సెల్సియస్, ఇంకో పక్క మిల్లీమీటర్లు. ఏది ఎటువైపు ఉండాలన్న నియమం ఏమీ లేదు, గీసినవాళ్ల ఇష్టం. కాబట్టి ముందు కళ్లు పెట్టాల్సింది బొమ్మ మీద కాదు, పక్కనున్న అంకెల మీద. వానని దిమ్మెలుగా గీయడానికి కారణం ఉంది. జూన్‌లో కురిసింది జూన్ ఖాతాలోనే పోగవుతుంది, జూలై ఒకటో తేదీన లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఉష్ణోగ్రత అలా కాదు, నెల మారిందని ఆగదు, నిన్నటి వేడిలోంచే ఇవాళ్టి వేడి వస్తుంది, అందుకని దాన్ని గీతగా కలుపుతారు.

ఇక మిల్లీమీటరు. 1 మి.మీ. వాన అంటే చదరపు మీటరు నేల మీద 1 లీటరు నీళ్లు పడ్డట్టు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరం పొలంలో 1 మి.మీ. కురిస్తే నాలుగు వేల లీటర్లు. అదే 50 మి.మీ. వానకి ఎకరానికి రెండు లక్షల లీటర్లు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నలభై తెచ్చి పోసినంత! ఈ ఒక్క లెక్క బుర్రలో పెట్టుకుంటే గ్రాఫులో చిన్న తేడాలు కూడా చిన్నవిగా కనిపించవు.

ఆ మిల్లీమీటర్లు ఎక్కడినుంచి వస్తాయంటే, వర్షమాపకం నుంచి. గరాటు లాంటి మూతి, లోపల నీళ్లు పట్టే డబ్బా. రోజూ ఉదయం 8.30కి ఒక మనిషి వచ్చి మూత తీసి, ఆ నీళ్లని గీతలున్న కొలగాజులో పోసి, కంటికి సమానంగా ఎత్తి పట్టుకుని చదివి పుస్తకంలో రాస్తారు. ఇప్పుడు మండలాల్లో ఆటోమేటిక్ యంత్రాలు కూడా వచ్చాయి గానీ, రోజు లెక్క మాత్రం ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకానే. దీనివల్ల ఒక తమాషా ఉంది. మే 31 సాయంత్రం ఈదురుగాలితో దంచికొట్టిన వాన జూన్ 1 తేదీ మీద నమోదవుతుంది, అంటే మే నెలలో మనం తడిసిన వాన జూన్ దిమ్మెలో కలుస్తుంది. ముప్పై ఏళ్ల సగటులో ఇది పెద్ద తేడా తేదు కానీ, ఒక్క ఏడాది గ్రాఫు ముందేసుకుని మన డైరీతో పోల్చుకునేవాళ్లకి అవసరం.

ముప్పై ఏళ్లు అన్నాను కదా, అసలు విషయం అదే. ఈ గ్రాఫులు సాధారణంగా ఒక సంవత్సరానివి కావు. వాతావరణ శాస్త్రంలో ముప్పై ఏళ్ల లెక్కలు తీసుకుని సగటు కడతారు, దాన్నే ‘సాధారణం’ అంటారు. టీవీలో ‘సాధారణం కంటే రెండు డిగ్రీలు ఎక్కువ’ అని చెప్పేటప్పుడు ఆ సాధారణం ఇదే. 1961 నుంచి 1990 దాకా తీసుకున్న సగటు వేరు, 1991 నుంచి 2020 దాకా తీసుకున్న సగటు వేరు. గ్రాఫు కింద ఏ ఏళ్లో రాసి లేకపోతే ఆ గ్రాఫుని పెద్దగా పట్టించుకోవద్దు, మాట వరసకి కాదు, నిజంగానే చెబుతున్నాను.

ఉష్ణోగ్రత గీతలో సగటు మీద సగటు ఉంటుంది. నీడలో, గాలి ఆడేలా కట్టిన తెల్ల చెక్కపెట్టెలో పెట్టిన థర్మామీటరు చూపించిన ఆ రోజు గరిష్ఠాన్నీ కనిష్ఠాన్నీ కలిపి రెండుతో భాగిస్తే ఆ రోజు సగటు, నెల రోజులవి కలిపి భాగిస్తే నెల సగటు, మళ్లీ ముప్పై మే నెలలవి కలిపి భాగిస్తే గ్రాఫు మీద ఒక్క చుక్క. పగలు 38, రాత్రి 26 ఉంటే చుక్క 32 దగ్గర పడుతుంది. రాజాంలో మే ఎండకి మధ్యాహ్నం గుమ్మం దాటలేని మనిషి ఆ 32 చూసి ‘ఇదేం లెక్క’ అనుకుంటే తప్పు అతనిది కాదు, ఆ చుక్క పనే అది కాదు. గరిష్ఠానికి ఒక గీత, కనిష్ఠానికి ఒక గీత విడివిడిగా వేసిన గ్రాఫు దొరికితే అదే చూడండి. ఆ రెండు గీతల మధ్య ఖాళీ చాలా చెబుతుంది. శీతకాలంలో ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి లోపలి మండలాల్లో పగలు ఎండ, తెల్లవారుజామున వణుకు, ఖాళీ ఎక్కువ. వానాకాలంలో మబ్బు పగటి ఎండనీ ఆపుతుంది, రాత్రి నేల వేడి పైకి పోకుండానూ ఆపుతుంది, ఖాళీ ఇరుకవుతుంది. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో సముద్రపు గాలి వల్ల ఏడాది పొడుగునా ఆ ఖాళీ లోపలి ఊళ్లకంటే తక్కువే. అలాగని ఒడ్డున హాయి అనుకోవద్దు, గాలిలో తేమ గ్రాఫులో ఉండదు, ఉక్కపోతంతా అందులోనే ఉంది.

ఇప్పుడు మన ఎర్ర గీత ఆకారం చూద్దాం. జనవరిలో కిందుంటుంది, మార్చి నుంచి గబగబా ఎక్కుతుంది, మేలో శిఖరం, జూన్ మధ్య నుంచి దిగుతుంది, సెప్టెంబరు దాకా దాదాపు చదునుగా సాగి, అక్టోబరు తర్వాత జారిపోతుంది. మనం ఉన్నది 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, కర్కటరేఖకి దక్షిణాన. అంటే సూర్యుడు మనకి ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, మే రెండో వారంలో ఒకసారి, జూలై చివర్లో మరోసారి. సూర్యుడి లెక్క ఒక్కటే అయితే గీతకి రెండు శిఖరాలు ఉండాలి. కానీ ఉన్నది ఒక్కటే. జూలై చివర్లో సూర్యుడు నెత్తి మీదే ఉన్నా మధ్యలో నైరుతి మబ్బు అడ్డం, కింద తడి నేల, ఎండ శక్తిలో చాలా భాగం ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. అందుకే మన గ్రాఫులో గీతనీ దిమ్మెలనీ విడదీసి చదవకూడదు. జూన్ దిమ్మె పైకి లేవడం, గీత వంగడం ఒకే సంఘటన. నైరుతి ఆలస్యమైన ఏడాది ఒక్కదాని గ్రాఫు గీసి చూడండి, రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చినా గీత మే ఎత్తులోనే వేలాడుతూ కనిపిస్తుంది.

దిమ్మెల కథ ఇంకా బాగుంటుంది. మన రెండు జిల్లాల్లో ఏడాదికి సుమారు 1,100 నుంచి 1,200 మి.మీ. వాన. అందులో వందకి అరవై పాళ్లు జూన్–సెప్టెంబరు నైరుతిలో, దాదాపు నాలుగో వంతు అక్టోబరు–డిసెంబరులో, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం వేసవి ఉరుముల వానల్లో పడుతుంది. ఆ వేసవి వానని తేలిగ్గా తీసెయ్యొద్దు. మామిడికాయలు రాల్చి, పిడుగులేసి భయపెట్టినా, వేసవి దుక్కులకి పదును ఇచ్చేది ఆ మే దిమ్మే.

మరి అక్టోబరు ఎందుకంత ఎత్తుగా ఉంటుంది? తీరం వెంట ఊళ్ల గ్రాఫు చూస్తే ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మూడూ ఇంచుమించు భుజం భుజం కలిపి నిలబడతాయి, నవంబరు దగ్గర మాత్రం మెట్టు విరిగినట్టు ఒక్కసారి పడిపోతుంది. చెన్నై గ్రాఫు పక్కన పెట్టి చూస్తే అక్కడ అక్టోబరు, నవంబరే రాజులు. తేడా బంగాళాఖాతంలో ఉంది. జూలై, ఆగస్టుల్లో అల్పపీడనాలు బంగాళాఖాతం ఉత్తర కొసలో పుట్టి ఒడిశా, బెంగాల్ మీదుగా లోపలికి పోతాయి, వాటి అంచు వానలు మనకి తగులుతాయి. సూర్యుడు దక్షిణానికి జరిగేకొద్దీ అవి పుట్టే చోటు, ఒడ్డు దాటే చోటు కూడా దక్షిణానికి జరుగుతాయి. సెప్టెంబరు చివర, అక్టోబరు వచ్చేసరికి ఆ దారి సరిగ్గా ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరం మీదికి వస్తుంది. నవంబరుకి అది నెల్లూరు, తమిళనాడు వైపు వెళ్లిపోతుంది. కొండల వైపు, పాలకొండ, పార్వతీపురం దారిలో పోయేకొద్దీ నైరుతి మబ్బు కొండలకి తగిలి జూలై, ఆగస్టు దిమ్మెలు బలపడతాయి, అక్కడ అక్టోబరు అంత గొప్పగా కనిపించదు.

ఈ తారీకులు చూడండి. ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర దాటింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఆ ఒక్క పూటలో నేలకొరిగాయి. గులాబ్ 2021 సెప్టెంబరు 26 సాయంత్రం కళింగపట్నం దగ్గర దాటింది కాబట్టి దాని వానలో ఎక్కువ భాగం సెప్టెంబరు దిమ్మెలో చేరింది, నాలుగైదు రోజులు ఆలస్యంగా వచ్చి ఉంటే అదే వాన అక్టోబరు ఖాతాలో పడేది. 2013లో ఫైలిన్ వెళ్లిపోయిందనుకున్నాక అదే నెల చివర్లో ఒక అల్పపీడనం రోజుల తరబడి కదలకుండా కురిపించి ముంచింది, దానికి పేరు కూడా లేదు.

అక్టోబరు సగటు ఇలాంటి ఏళ్లనీ, ఏమీ రాని ఏళ్లనీ కలిపి కట్టింది. అది ఎంత మోసం చేస్తుందో చూడ్డానికి పది అక్టోబర్లని ఊహించుకుందాం, ఇవి నిజం లెక్కలు కావు, అర్థం కావడానికి నేను వేసుకున్నవి: 60, 70, 80, 90, 100, 110, 120, 130, 380, 460 మి.మీ. మొత్తం 1,600, సగటు 160. గ్రాఫులో దిమ్మె 160 ఎత్తున లేస్తుంది. కానీ 160 దరిదాపుల్లో వాన పడ్డ ఏడాది ఈ పదింటిలో ఒక్కటైనా ఉందా? లేదు. ఎనిమిదేళ్లు సగటు కంటే తక్కువే, రెండేళ్లు వరదే. దిమ్మె చూసి ‘అక్టోబరులో 160 వస్తుందిలే, వరికి చివరి తడులు అక్కర్లేదు’ అనుకున్న రైతు పదేళ్లలో ఎనిమిదేళ్లు కాలవ వైపు చూస్తూ టెన్షన్ పడతాడు, మిగిలిన రెండేళ్లు పడిపోయిన చేను చూసి ఏడుస్తాడు.

అదే అంకెల్ని వరసగా పెట్టి మధ్యలో ఉన్న రెండింటికీ, అంటే 100కీ 110కీ సగటు తీస్తే 105 వస్తుంది. దీన్ని మధ్యగతం అంటారు, పదో తరగతి లెక్కల్లో ఉన్నదే. మామూలు ఏడాదిలో ఎంత పడుతుందో అడిగేవాళ్లకి 160 కంటే 105 నిజాయితీ గల జవాబు. జూలై, ఆగస్టుల్లో చాలా ఏళ్లు ఎంతో కొంత కురుస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ సగటుకీ మధ్యగతానికీ ఇంత దూరం ఉండదు. అంటే ఎత్తులో పక్కపక్కనే సమానంగా నిలబడ్డ ఆగస్టు, అక్టోబరు దిమ్మెలు నమ్మకంలో సమానం కావు. నా దృష్టిలో ఉత్తరాంధ్ర గ్రాఫు చదివేవాళ్లకి ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి లేదు. ప్రతి దిమ్మె మీదా ముప్పై ఏళ్లలో అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత అని ఒక సన్నటి నిలువు గీత గీస్తే చాలు, ఆ తేడా చిన్నపిల్లలకి కూడా కనిపిస్తుంది. జిల్లా పుస్తకాల్లో ఆ గీత పెట్టకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, దానికి ఖర్చేమీ అవదు.

నెల మొత్తం ఇంకో సంగతి కూడా దాస్తుంది. 120 మి.మీ. పది పన్నెండు రోజుల్లో పడితే చేను తాగుతుంది. అదే 120 ఒక్క రోజులో పడితే గెడ్డలు పొంగి, వంశధారలోకో నాగావళిలోకో పోయి, రెండు రోజుల్లో సముద్రంలో కలుస్తుంది. మన వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. 2.5 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ పడ్డ రోజునే ‘వాన రోజు’ అని లెక్కపెడతారు. కాబట్టి నెల వాన పక్కన వాన రోజుల సంఖ్య కూడా ఇచ్చిన పట్టిక దొరికితే ఒకదాన్ని ఇంకోదానితో భాగించి చూడండి. సగటున ఒక్కో వాన రోజుకి ఎంత పడుతోందో తెలిస్తే ఆ నెల స్వభావం తెలిసినట్టే.

కొలతల దగ్గరికి మళ్లీ వస్తాను. గ్రాఫులో ఎర్ర గీత దిమ్మెల్ని దాటిందా, కిందుందా అని చూసి అర్థాలు చెప్పేవాళ్లు ఉంటారు. మామూలు గ్రాఫులో ఆ దాటడానికి అర్థమేమీ లేదు. వాన పక్క కొలతని 300 దాకా పెడితే దిమ్మెలు పొడుగు, 600 దాకా పెడితే పొట్టి, వాన అదే. రెండు ఊళ్ల గ్రాఫులు పోల్చేటప్పుడు ఇదే పెద్ద ఉచ్చు. మేఘాలయలో చిరపుంజి గ్రాఫులో దిమ్మె, మన దిమ్మె కాగితం మీద ఒకే ఎత్తు ఉండొచ్చు, అక్కడ ఒక్క జూన్ నెలలోనే మనకి ఏడాదంతా పడే దానికంటే ఎక్కువ పడుతుంది.

గీత, దిమ్మెలు దాటుకోవడానికి అర్థం ఉండే పద్ధతి ఒకటి మాత్రం ఉంది. 10 డిగ్రీలకి ఎదురుగా 20 మి.మీ., 20కి 40, 30కి 60 వచ్చేలా రెండు కొలతల్నీ కట్టేస్తారు. అప్పుడు గీత కంటే వాన కిందుంటే అది ఎండు నెల, పైనుంటే తడి నెల. గాసెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు తెచ్చిన లెక్క ఇది, తర్వాత జర్మనీ శాస్త్రవేత్తలు వాల్టర్, లీత్ దీంతోనే ప్రపంచమంతటికీ గ్రాఫులు గీశారు. వాళ్ల గ్రాఫుల్లో 100 మి.మీ. దాటాక కొలతని పదో వంతుకి కుదిస్తారు, లేకపోతే మన లాంటి చోట్ల దిమ్మెలు కాగితం దాటిపోతాయి. ఆ కుదింపు గమనించకపోతే ఆగస్టు వాన చాలా తక్కువనిపిస్తుంది, జాగ్రత్త. వేడి ఎక్కువైతే ఆవిరయ్యే నీరు ఎక్కువ కాబట్టి ఎక్కువ వాన కావాలి, అదీ ఇందులో ఆలోచన. మన సగటు జనవరిలో 22, 23 డిగ్రీలు కాబట్టి గీత 45 మి.మీ. దగ్గర ఉంటుంది, మేలో 60 దాటుతుంది. ఆ లెక్కన డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మనకి ఎండు నెలలే.

వేరే చోట్ల గ్రాఫులు చూస్తే మనది ఎంత ప్రత్యేకమో తెలుస్తుంది. లండన్‌లో పన్నెండు దిమ్మెలూ దాదాపు ఒక ఎత్తే, ఏడాది మొత్తం చూస్తే మనకి పడేదాంట్లో ఇంచుమించు సగం. సింగపూర్‌లో గీత నేల మీద పెట్టిన కర్రలా ఉంటుంది. సిడ్నీలో గీత మధ్యలో లోయ, జూలై అక్కడ చలికాలం.

పత్రికల్లో వచ్చే శాతాల సంగతి కూడా చెప్పాలి. ఒక మండలంలో జనవరి సాధారణం 10 మి.మీ. అనుకోండి, 30 పడితే ‘సాధారణం కంటే 200 శాతం అధికం’ అని వార్త వస్తుంది. ఎక్కువ పడింది 20 మి.మీ. అదే ఆగస్టు సాధారణం 190 ఉన్నచోట 25 శాతం లోటు అంటే 48 మి.మీ., ఎకరానికి దాదాపు రెండు లక్షల లీటర్లు తగ్గినట్టు. వార్తలో 25 చిన్నది, పొలంలో అదే పెద్దది. శాతం చదివిన ప్రతిసారీ అది దేని మీద శాతమో వెతకండి. సాధారణానికి 19 శాతం అటూ ఇటూ ఉంటే వాతావరణ శాఖ దాన్ని ‘సాధారణం’ అనే అంటుంది. జూన్, జూలై ఎండగట్టి, ఎద జల్లిన విత్తనం మాడి, ఉభాలు (వరి నాట్లు) ఆలస్యమై, సెప్టెంబరులో ఒక వాయుగుండం వచ్చి లోటు పూడ్చినా సీజను మొత్తం మీద ‘సాధారణ వర్షపాతం’ అనే రాస్తారు. అది అబద్ధం కాదు, కానీ నారుమడికి జూన్‌లో కావాల్సిన నీళ్లు సెప్టెంబరులో ఇచ్చి సరిపోయిందనడం లాంటిది. అందుకే సీజను మొత్తం కంటే నెలవారీ దిమ్మెలే మేలు, వారం వారం దొరికితే ఇంకా మేలు. జిల్లా సగటు కంటే మీ మండలం లెక్క మేలు, ఇచ్ఛాపురంలో కురిసింది చీపురుపల్లి చెరువులోకి రాదు కదా.

చివరిగా ఆ ఎండు నెలల సంగతి. డిసెంబరు నుంచి మార్చి దాకా దిమ్మెలు గీత కంటే చాలా కిందుంటాయి, గ్రాఫు ఒక్కటే చూసిన మనిషి ఆ నెలల్లో నీటి పారుదల లేని చోట పొలాలన్నీ బీడు అనుకుంటాడు. కానీ వరి కోతకి ముందు చేలో చల్లిన మినుము, పెసర ఆ నెలల్లోనే మొలిచి, పూత పూసి, కాయ కాస్తాయి. నేలలో మిగిలిన పదును మీద, తెల్లవారుజాము మంచు మీద అవి బతుకుతాయి. ఆ పదును ఏ దిమ్మెలోనూ లేదు, అది అక్టోబరు, నవంబరు వానల్లో నేల దాచుకున్నది. కాబట్టి మినుము వేసేవాళ్లు డిసెంబరు దిమ్మె చూడనక్కర్లేదు. ఈ ఏడాది అక్టోబరు, నవంబరుల్లో తమ మండలంలో నిజంగా ఎంత పడింది, ఎన్ని రోజుల్లో పడింది అన్నది చూసుకుంటే చాలు.